ఆల్కలినిటీ నిండుకున్న ఎస్టీపీ: ఒక గేటెడ్ కమ్యూనిటీ కేస్ స్టడీ

నేపథ్యం

హైదరాబాద్ పశ్చిమాన ఉన్న ఒక గేటెడ్ కమ్యూనిటీ ఎస్టీపీ (మురుగునీటి శుద్ధి ప్లాంటు) ఇది. ఆల్కలినిటీ అంటే నీరు ఆమ్లాన్ని తట్టుకునే శక్తి. గుర్తుపట్టే వీలున్న వివరాలు తీసేశాను, అంకెలు కొంచెం గుండ్రం చేశాను. లెక్కల సారం మాత్రం మారలేదు.

ప్లాంటు కట్టింది రోజుకు 350 కిలోలీటర్లకు, వస్తున్న మురుగు సగటున 300. బార్ స్క్రీన్, ఆయిల్ ట్రాప్ దాటిన నీరు, హెచ్చుతగ్గులుగా వచ్చే మురుగును నిలిపి సమం చేసే ఈక్వలైజేషన్ ట్యాంకులో చేరుతుంది. అక్కడి నుంచి పంపులు రెండు ఎస్‌బీఆర్ ట్యాంకులకు (గాలి కొట్టడం, తేరడం ఒకే ట్యాంకులో వంతులవారీగా జరిగేవి) బ్యాచ్‌లుగా తోడతాయి. ఒక్కో ట్యాంకు పూర్తిగా నిండితే 120 ఘనపు మీటర్లు. ఆరు గంటలకో బ్యాచ్ చొప్పున రెండిటికీ కలిపి రోజుకు ఎనిమిది, బ్యాచ్‌కి 37.5 ఘనపు మీటర్లు. మొదట్లో పెట్టిన సైకిల్ చాలా చోట్ల కనిపించేదే: మురుగు పోస్తూనే గాలి గంటన్నర, పోయడం ఆగాక గాలి రెండున్నర గంటలు, తేరడానికి గంట, పైనీరు డీకాంటర్‌తో తీయడానికి గంట.

శుద్ధి అయిన నీటిలో 105 కిలోలీటర్లు డ్యూయల్ ప్లంబింగ్ (వేరే పైపులైను) ద్వారా ఫ్లష్ ట్యాంకులకు, 60 తోటకు వెళ్తాయి. మిగిలిన 135 వరద కాలువ గుండా దిగువనున్న చెరువులో కలుస్తాయి. ఈ చివరి 135 వల్లే నైట్రోజన్, ఫాస్ఫరస్ సంగతి పట్టించుకోక తప్పలేదు. 2017 అక్టోబర్ 13 నాటి కేంద్ర నోటిఫికేషన్ ఎస్టీపీలకు ఈ రెండిటి మీదా పరిమితి పెట్టలేదు. జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019 ఏప్రిల్ 30న ఇచ్చిన ఆదేశంలో మాత్రం బీఓడీ (నీటిలోని సేంద్రియ కాలుష్యానికి కొలత) 10, మొత్తం నైట్రోజన్ 10, చెరువుల్లోకి వదిలే చోట మొత్తం ఫాస్ఫరస్ 1 మి.గ్రా./లీ. అని ఉంది. వీళ్ల అనుమతి పత్రం రెన్యువల్ అయినప్పుడు ఆ అంకెలే వచ్చాయి. ప్లాంటు డిజైన్ చేసిన నాటికి లక్ష్యం బీఓడీ ఒక్కటే. నైట్రోజన్ తీయాలని ఎవరూ అడగలేదు, అందుకని ట్యాంకుల్లో మిక్సర్లు కూడా పెట్టలేదు.

వచ్చిన సమస్య

రెన్యువల్ అయిన కొన్ని నెలలకు ల్యాబ్ రిపోర్టు ఇలా వచ్చింది (పీహెచ్ తప్ప, యూనిట్ చెప్పని గాఢతలన్నీ ఇక్కడా ముందుముందూ లీటరుకు మిల్లీగ్రాముల్లో): అమ్మోనియా నైట్రోజన్ 24, నైట్రేట్ నైట్రోజన్ 25, మొత్తం ఫాస్ఫరస్ 3.1, పీహెచ్ 6.3. బీఓడీ మాత్రం 9. ఏడాది క్రితం రిపోర్టుల్లో అమ్మోనియా 2 కూడా దాటలేదు. అప్పట్లో నైట్రేట్ కొలవలేదు గానీ, అమ్మోనియా అంత కిందికి దిగిందంటే నైట్రేట్ 35కు పైనే ఉండి ఉండాలి. అంటే మొత్తం నైట్రోజన్ అప్పుడూ తప్పుతున్నదే, ఎవరూ చూడలేదంతే.

ఆపరేటర్ చెప్పిన మాట ఈ రిపోర్టు కంటే ముందే విషయం బయటపెట్టింది: "హైపో ఎంత పోసినా ఫ్రీ క్లోరిన్ రావట్లేదు సార్." హైపో అంటే క్రిములను చంపడానికి పోసే క్లోరిన్ ద్రావణం, ఫ్రీ క్లోరిన్ అంటే దేనితోనూ కలవకుండా మిగిలే క్లోరిన్. రాదు. నీటిలో అమ్మోనియా ఉన్నంతసేపు క్లోరిన్ దానితో కలిసి క్లోరమీన్ అవుతుంది. ఒక మిల్లీగ్రాము అమ్మోనియా నైట్రోజన్‌ను దాటి ఫ్రీ క్లోరిన్ కనిపించాలంటే సిద్ధాంతం ప్రకారం 7.6 మిల్లీగ్రాముల క్లోరిన్ కావాలి, ఆచరణలో 10 దాకా పడుతుంది. 24 మిల్లీగ్రాములకు లీటరుకు 200 మిల్లీగ్రాములకు పైనే! అంత హైపో ఎవరూ పోయరు, పోయకూడదు కూడా. హైపో డబ్బాల ఖర్చు ఒక్కసారిగా పెరిగిన ప్లాంటులో ముందు అమ్మోనియా చూడాలి.

ఫ్లష్ ట్యాంకుల్లో పచ్చటి జిగురు, డీకాంటర్ దగ్గర మబ్బుగా ఉండే నీళ్లు, చెరువు గట్టున గుర్రపు డెక్క పెరిగిపోయిందన్న ఫిర్యాదు కూడా ఉన్నాయి. చెరువులో డెక్కకు ఈ ఒక్క కాలనీయే కారణమని చెప్పలేం. కానీ రోజుకు 135 ఘనపు మీటర్లలో ఘనపు మీటరుకు 3 గ్రాముల ఫాస్ఫరస్ అంటే 400 గ్రాములు. ఒక గ్రాము ఫాస్ఫరస్ సుమారు 100 గ్రాముల ఎండు నాచుకు సరిపోతుంది. ఆ లెక్కన రోజుకు 40 కిలోల నాచుకు సరిపడా ఎరువు చెరువులోకి పోతోంది.

ముందుగా చేసిన ప్రయత్నాలు

నిర్వహణ ఏజెన్సీ ముందు గాలి పెంచింది. అమ్మోనియా దిగకపోతే గాలి చాలడం లేదనుకోవడం సహజం. ఒక మిల్లీగ్రాము అమ్మోనియా నైట్రోజన్‌ను నైట్రేట్‌గా మార్చడానికి 4.57 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కావాలి, అది చిన్న మొత్తం కాదు. బ్లోయర్ స్పీడు పెంచితే డీఓ (నీటిలో కరిగిన ఆక్సిజన్) 4 దాటింది, అమ్మోనియా కదల్లేదు. ఏరేషన్ ట్యాంకులో డీఓ 2 ఉంటే ఈ మార్పుకు, అంటే నైట్రిఫికేషన్‌కు, గాలి కొరత లేనట్టే. 4 ఉండి కూడా అమ్మోనియా దిగలేదంటే బ్యాక్టీరియా ఆ ఆక్సిజన్ వాడుకోవడం లేదు. కరెంటు బిల్లు పెరిగింది, ఎక్కువ గాలికి స్లడ్జ్ (బ్యాక్టీరియాతో నిండిన మడ్డి) రేకులు చిన్నచిన్నగా విరిగి పైనీరు ఇంకా మబ్బుగా మారింది.

తర్వాత కల్చర్ పొడి. పొట్లం నీళ్లలో కలిపి రోజూ పోశారు. ఈ పొట్లాల్లో ఉండేవి ఎక్కువగా సేంద్రియ పదార్థాన్ని తినే బ్యాక్టీరియా. అమ్మోనియాను తినేవి నెమ్మదిగా పెరిగే వేరే జాతులు. పైగా ట్యాంకులో పరిస్థితి వాటికి పడకపోతే కొత్తగా తెచ్చి పోసినవి కూడా పాతవాటిలాగే పని మానేస్తాయి. ఇక్కడ అదే జరిగింది.

మూడోది స్లడ్జ్ తీయడం ఆపేయడం. నైట్రిఫయర్లు (అమ్మోనియాను తినే ఆ బ్యాక్టీరియా) నెమ్మదిగా పెరుగుతాయి కాబట్టి స్లడ్జ్ వయసు, అంటే అది ట్యాంకులో సగటున ఉండే రోజులు, పెంచాలన్న ఆలోచనలో తప్పు లేదు. కానీ అప్పటికే ఎంఎల్‌ఎస్‌ఎస్ (ట్యాంకు నీటిలో స్లడ్జ్ గాఢత) 3,500 దగ్గర ఉంది. రోజుకు 5-6 ఘనపు మీటర్ల స్లడ్జ్ తీస్తుంటే వయసు 18 రోజుల పైమాటే. 28-30 డిగ్రీల మన వాతావరణంలో నైట్రిఫికేషన్‌కు అది ఎక్కువే. తీయడం ఆపాక ఎంఎల్‌ఎస్‌ఎస్ 5,800కు చేరింది. కొలజాడీలో అరగంటకు తేరే స్లడ్జ్ 800 మిల్లీలీటర్లు దాటింది. ట్యాంకులో గంటలో తేరాల్సిన స్లడ్జ్ తేరక డీకాంటర్‌తో బయటికి వచ్చింది, వెనకున్న శాండ్ ఫిల్టర్ మూసుకుపోయింది.

ఈ మధ్యలోనే ఫాస్ఫరస్ కోసం పటిక డోసు మొదలైంది: లీటరుకు 90 మిల్లీగ్రాముల లెక్కన రోజుకు 27 కిలోలు, మురుగు పోసే సమయంలోనే ఎస్‌బీఆర్‌లోకి. ఫాస్ఫరస్ వరకు చూస్తే ఈ డోసు సరైనదే. కానీ అమ్మోనియా సమస్యను మరో మెట్టు పైకెక్కించింది కూడా ఇదే.

చివరికి పీహెచ్ తక్కువ ఉందని ఎవరో గమనించి సున్నం బస్తాలు ట్యాంకులో పోయించారు. రెండు మూడు రోజులు అమ్మోనియా దిగింది. అయితే పొడిగా పోసిన సున్నం పడిన చోట పీహెచ్ 9 దాటుతుంది, అక్కడే కాల్షియం కార్బొనేట్ పొరగా దిగుతుంది. గాలిని బుడగలుగా వదిలే డిఫ్యూజర్ రబ్బరు రంధ్రాలు పూడుకుపోయాయి, బ్లోయర్ ప్రెషర్ గేజ్ పైకి పోయింది, సున్నం ఆపారు. ఈ ప్రయత్నాలన్నిటిలో అసలు జబ్బును తాకింది ఇదొక్కటే. పోసిన పద్ధతి బాగాలేక ఆ ఆధారమూ చేజారింది.

నిర్ధారణ

నైట్రిఫికేషన్‌లో ఒక మిల్లీగ్రాము అమ్మోనియా నైట్రోజన్‌కు 7.14 మిల్లీగ్రాముల ఆల్కలినిటీ, కాల్షియం కార్బొనేట్ లెక్కన, ఖర్చవుతుంది. నైట్రేట్‌ను నైట్రోజన్ వాయువుగా మార్చే డీనైట్రిఫికేషన్ అందులో సగం, 3.57, తిరిగి ఇస్తుంది. పటిక మిల్లీగ్రాముకు 0.5 తింటుంది. ఈ మూడు అంకెలతో ప్లాంటు జమాఖర్చు వేయవచ్చు.

వేయకముందు ట్యాంకులో ఒక బ్యాచ్‌ను మొదటి నుంచి చివరిదాకా అరగంటకోసారి నమూనా తీసి చూడాలి. బయటికి వెళ్లే నీటి మీద ఎన్ని రిపోర్టులు తెప్పించినా ఈ ఒక్క బ్యాచ్ చెప్పినంత చెప్పవు. ఇక్కడ పోయడం పూర్తయ్యేసరికి అమ్మోనియా 32, ఆల్కలినిటీ 88 ఉన్నాయి. మొదటి గంటల్లో రెండూ కలిసి దిగాయి. పీహెచ్ 7.1 నుంచి 6.4కు వచ్చింది. ఆ తర్వాత అమ్మోనియా 24 దగ్గర నిలిచిపోయింది, ఆల్కలినిటీ 30 దగ్గర ఆగింది, సరిగ్గా అప్పుడే డీఓ 2 నుంచి 4.5కు ఎగిరింది. అమ్మోనియా తగ్గింది 8. ఎనిమిదిని 7.14తో గుణిస్తే 57. ఆల్కలినిటీ తగ్గింది 58. చివరి గంటన్నర గాలి మొత్తం వృథా.

అయినా బ్యాక్టీరియా బతికే ఉందా, ఏదైనా విషం తగిలిందా అన్న అనుమానం మిగులుతుంది. ఫ్లోర్ క్లీనర్లు, డిస్‌ఇన్ఫెక్టెంట్లు ధారాళంగా వాడే కాలనీల్లో ఇది ఊరికే వచ్చే అనుమానం కాదు. దీన్ని తేల్చడానికి రెండు బకెట్లు, అక్వేరియం పంపు ఒకటి చాలు. రెండు బకెట్లలో పది లీటర్ల చొప్పున బ్యాచ్ చివరి స్లడ్జ్ నీరు, ఒకదానిలో 5 గ్రాముల సోడియం బైకార్బొనేట్, రెండిటికీ సమానంగా గాలి. మూడు గంటల తర్వాత బైకార్బొనేట్ వేసిన బకెట్లో అమ్మోనియా 24 నుంచి 15కు దిగింది. వేయనిదానిలో 23. నైట్రిఫయర్లు ఆరోగ్యంగానే ఉన్నాయి, వాటికి ఆల్కలినిటీ నిండుకుంది, అంతే. కల్చర్ పొట్లాల ఖర్చు ఆ రోజే ఆగింది.

మరి ఏడాది క్రితం లేని కొరత ఇప్పుడెందుకు వచ్చింది? జవాబు ఎస్టీపీ లాగ్‌బుక్‌లో లేదు, స్టోర్స్ రిజిస్టర్‌లో దొరికింది. ఒక నెల నుంచి సాఫ్టెనర్‌కు ఉప్పు బస్తాలు కొనడం ఆగిపోయింది. ఆ నెలలోనే కాలనీ బోర్ల నుంచి మున్సిపల్ నది నీటికి మారింది. ఇక్కడి గ్రానైట్ రాళ్ల కింది బోరు నీటిలో ఆల్కలినిటీ 330. వచ్చే నది నీటిలో 125. సాఫ్టెనర్ కాల్షియం తీసి సోడియం పెడుతుందే తప్ప బైకార్బొనేట్‌ను ముట్టుకోదు. అంటే గట్టిదనం పోయినా ఆల్కలినిటీ మొత్తం పాత మురుగులోకి వచ్చేది. ఆ జమ ఒక్కసారిగా పడిపోయింది. మురుగు ఆల్కలినిటీ 420 నుంచి 260కి దిగింది. మూత్రంలోని యూరియా అమ్మోనియాగా మారేటప్పుడు కొంత ఆల్కలినిటీ పుడుతుంది కాబట్టి ఆ మాత్రమైనా మిగిలింది.

ఫ్లష్‌కు తిరిగి వెళ్లే నీరు ఈ తరుగును మరింత పెంచింది. ఎస్టీపీ నుంచి 30 ఆల్కలినిటీతో వెళ్లిన నీరే మూడో వంతుకు పైగా మళ్లీ మురుగై వస్తోంది. పునర్వినియోగం ఉన్న ప్లాంటులో ఆల్కలినిటీ తగ్గడం మొదలైతే ఆ తగ్గుదల తనను తానే పెంచుకుంటుంది. మామూలు మున్సిపల్ ప్లాంట్ల అనుభవంతో చూసేవాళ్లకు ఇది తోచదు.

జమాఖర్చు: మురుగులో టీకేఎన్ (అమ్మోనియా, సేంద్రియ నైట్రోజన్ కలిపి) 62. బ్యాక్టీరియా ఒంట్లోకి పోయేది, కరగని, మారని భాగం తీసేస్తే నైట్రిఫై కావాల్సింది 50. అందులో 48 మార్చడానికి 343 ఆల్కలినిటీ. పటికకు 45. పీహెచ్ నిలబడటానికి చివర్లో కనీసం 70 మిగలాలి. మొత్తం కావాల్సింది 458, ఉన్నది 260. పటిక తన వంతు తీసుకున్నాక, ఆల్కలినిటీ ఆగిపోయే ఆ 30 కూడా పోగా మిగిలిన దానితో దాదాపు 26 మిల్లీగ్రాముల అమ్మోనియా మాత్రమే మార్చగలం, 24 మిగలాలి. ల్యాబ్ రిపోర్టులోనూ అదే అంకె.

ఏం చేయాలన్న నిర్ణయం

కొరత 198ని రసాయనంతోనే పూడ్చవచ్చు. ఒక మిల్లీగ్రాము ఆల్కలినిటీకి 1.68 మిల్లీగ్రాముల బైకార్బొనేట్. రోజుకు 100 కిలోలు, ఎల్లకాలం. అప్పుడు అమ్మోనియా దిగుతుంది, కానీ అదంతా నైట్రేట్ అయి కూర్చుంటుంది. మొత్తం నైట్రోజన్ 10 అన్న షరతు తీరదు. డీనైట్రిఫికేషన్ చేయిస్తే నైట్రోజన్ పోతుంది, ఆల్కలినిటీ వెనక్కి వస్తుంది, నైట్రేట్‌లోని ఆక్సిజన్‌ను బ్యాక్టీరియా వాడుకోవడం వల్ల ప్రతి మిల్లీగ్రాముకు 2.86 మిల్లీగ్రాముల గాలి ఆక్సిజన్ మిగులుతుంది. 41 మిల్లీగ్రాములు డీనైట్రిఫై అయితే 146 ఆల్కలినిటీ జమ. పటికను ట్యాంకులోంచి తీసేస్తే 260 లోంచి 343 పోయి, 146 చేరి, 63 మిగులుతుంది. అనుకున్న 70కి కాస్త తక్కువే అయినా బయటి రసాయనం లేకుండానే బండి నడుస్తుంది. అందుకే బైకార్బొనేట్‌ను శాశ్వత మందుగా పెట్టలేదు, సైకిల్ మార్చేదాకా వంతెనగా వాడాం.

వంతెనకు సున్నం, కాస్టిక్, సోడా యాష్ కాకుండా బైకార్బొనేట్ ఎంచుకోవడానికి కారణం మనుషులు. బైకార్బొనేట్ ద్రావణం పీహెచ్ 8.3 దాటదు. డోసు రెండింతలు పడినా ట్యాంకు పాడవదు, చేతి మీద పడినా కాలదు. రాత్రి షిఫ్టులో ఒక్కడే ఉండే ఆపరేటర్ చేతికి కాస్టిక్ ఇవ్వడం నాకు సమ్మతం కాదు. ఖరీదు ఎక్కువే, కానీ రెండు మూడు వారాలకే కదా. పటిక ఆపి, రోజుకు 75 కిలోలు, బస్తా బస్తా డ్రమ్ములో కరిగించి, గాలి మొదలైన పది నిమిషాలకు పోయించాం. పీహెచ్ వెంటనే 7 దాటింది. అమ్మోనియా మాత్రం ఒక్క రోజులో పడలేదు, పడదు కూడా. ఇంతకాలం సగం తిండితో ఉన్న నైట్రిఫయర్ల సంఖ్య కూడా సగమే. మూడో వారానికి 3 కిందికి వచ్చింది. ఈ లోపు స్లడ్జ్ తీయడం మళ్లీ మొదలుపెట్టి ఎంఎల్‌ఎస్‌ఎస్‌ను 3,500కు దింపాం. రోజుకు పదో వంతుకు మించి తీయకుండా జాగ్రత్తపడ్డాం, ఒక్కసారిగా దింపితే నైట్రిఫయర్లూ దాంతోపాటే పోతాయి.

సైకిల్ మార్పు

మొదటి ఆలోచన సులువైనది: మురుగు పోసేటప్పుడు గాలి ఆపేయడం. గత బ్యాచ్ నుంచి ట్యాంకులో మిగిలిన 82.5 ఘనపు మీటర్ల నీటిలో ఉన్న నైట్రేట్‌ను, కొత్త మురుగులోని కార్బన్‌ను (సేంద్రియ పదార్థాన్ని) తింటూ బ్యాక్టీరియా తీసేస్తుంది. కానీ ఈ బ్యాచ్‌లో కొత్తగా పుట్టే నైట్రేట్‌కు కార్బన్ మిగలదు. 37.5 ను 120తో భాగించి 50తో గుణిస్తే 15.6. ఒక్కసారే పోస్తే నైట్రేట్ అంతకంటే దిగదు. కాబట్టి మురుగును రెండు విడతలుగా పోయాలి. రెండో విడతలో వచ్చిన అమ్మోనియా మాత్రమే చివర్లో నైట్రేట్‌గా మిగులుతుంది.

ఏ నిష్పత్తిలో? కాగితం మీద రెండో విడత ఎంత చిన్నదైతే అంత మంచిది. 60:40 పెడితే నైట్రేట్ 6.25కు రావాలి. పెట్టి చూస్తే 9కి దగ్గరగా ఉంది. కారణం కార్బన్. డీనైట్రిఫికేషన్‌కు ఒక మిల్లీగ్రాము నైట్రేట్ నైట్రోజన్‌కు కనీసం 4 మిల్లీగ్రాముల బీఓడీ కావాలి. 40 శాతం విడతలో వచ్చే బీఓడీ ట్యాంకు మొత్తానికి పంచితే 29, అప్పటికి ట్యాంకులో నైట్రేట్ 9.4. నిష్పత్తి 3 మాత్రమే, కొంత నైట్రేట్ మిగిలిపోతోంది. 50:50 చేస్తే బీఓడీ 36, నైట్రేట్ 7.8, నిష్పత్తి 4.6. తొలి విడతలో పుట్టిన నైట్రేట్ పూర్తిగా పోతుంది, చివర్లో 7.8 మిగులుతుంది. కాగితం మీద వెనకబడిన నిష్పత్తే ట్యాంకులో గెలిచింది.

కుదిరిన సైకిల్: మొదటి సగం పోస్తూ గాలి లేకుండా కలపడం 40 నిమిషాలు, గాలి 75, రెండో సగం పోస్తూ కలపడం 35, గాలి 90, తేరడం 60, తీయడం 60. గాలి బ్యాచ్‌కి 240 నిమిషాల నుంచి 165కు తగ్గింది. డీఓ సెట్‌పాయింట్ 1.5. మరీ ఎక్కువ డీఓతో గాలి ఆపితే అది అడుగంటడానికే పది నిమిషాలు పడుతుంది, కలిపే సమయంలో అంత కోత.

ఇందులో ఎక్కువ కాలం తిప్పలు పెట్టింది కలపడం. మిక్సర్లు లేవు కదా, పది నిమిషాలకోసారి అర నిమిషం గాలి కొట్టి కలుపుదామని ముందు చూశాం. ప్రతి కొట్టుకూ డీఓ 0.6 దాకా ఎక్కి, దిగడానికి మూడు నాలుగు నిమిషాలు తీసుకుంది. మధ్యలో స్లడ్జ్ అడుక్కి దిగుతూనే ఉంది. మురుగు పైన, బ్యాక్టీరియా కింద. కలిసిందా లేదా తెలుసుకోవడానికి ట్యాంకులో మూడు లోతుల్లో ఎంఎల్‌ఎస్‌ఎస్ నమూనాలు తీయాలి. అడుగున 6,000, పైన 1,200 వచ్చాయి. ఒక్కో ట్యాంకుకు ఒక కిలోవాట్‌లోపు సబ్‌మెర్సిబుల్ మిక్సర్ దింపాక మూడు లోతుల్లోనూ 3,400-3,600. నైట్రేట్ ఆ వారంలోనే 7కు దిగింది. మొత్తం పనిలో కొత్తగా కొన్న పెద్ద వస్తువులు ఈ రెండు మిక్సర్లే.

కార్బన్ కోసం ఇంకో చోట కూడా చూశాం. ఈక్వలైజేషన్ ట్యాంకులో గాలి 24 గంటలూ నడుస్తోంది, వాసన రాకుండా. అక్కడే తేలిగ్గా కరిగిన బీఓడీ కొంత కాలిపోతోంది: బార్ స్క్రీన్ దగ్గర 270, ట్యాంకు చివర 230. గంటకు 15 నిమిషాలు మాత్రమే గాలి ఉంచాక చివర 255 నిలబడింది. వాసన రాలేదు. డీనైట్రిఫికేషన్ అవసరమున్న ప్లాంటులో కార్బన్‌ను ముందే కాల్చేసి, తర్వాత బెల్లమో మొలాసిస్సో కొని పోయడం అర్థంలేని పని.

ఫాస్ఫరస్

ఫాస్ఫరస్ రిపోర్టుల్లో సోమవారాలు ఎప్పుడూ ఎక్కువగా వచ్చేవి. స్లడ్జ్‌లోని నీటిని పిండే ఫిల్టర్ ప్రెస్ వారానికోసారి, ఆదివారం నడిచేది. అప్పటిదాకా స్లడ్జ్ హోల్డింగ్ ట్యాంకులో గాలి లేకుండా మగ్గేది. గాలి లేని స్లడ్జ్ తన ఒంట్లోని ఫాస్ఫరస్‌ను నీటిలోకి వదిలేస్తుంది. ప్రెస్ నుంచి కారే నీటిని ఒక సీసాలో పట్టి పరీక్షిస్తే కరిగిన ఫాస్ఫరస్ 45, అమ్మోనియా 90. ఆ నీరు ఒక్క రోజులో 34 ఘనపు మీటర్లు తిరిగి ప్లాంటు మొదట్లోకి వస్తోంది: ఒకటిన్నర కిలోల ఫాస్ఫరస్. కాలనీ మొత్తం ఒక రోజు మురుగులో వచ్చేదే 2.1 కిలోలు.

ప్రెస్‌ను వారానికి మూడు రోజులకు మార్చాం. హోల్డింగ్ ట్యాంకుకు గంటకు పది నిమిషాలు గాలి. కారిన నీటిని చిన్న పంపుతో రాత్రంతా పలచగా ఈక్వలైజేషన్‌లోకి. సోమవారపు ఎత్తు పోయింది. ట్యాంకు చివర కరిగిన ఫాస్ఫరస్ 5 నుంచి 3.5కు తగ్గింది. ఏ రసాయనమైనా దీని తర్వాతే.

పటిక స్థానంలో పాలీ అల్యూమినియం క్లోరైడ్ పెట్టాం. దాన్ని తయారుచేసేటప్పుడే కొంతమేర హైడ్రాక్సైడ్ కలిసి ఉంటుంది కాబట్టి అదే అల్యూమినియానికి తక్కువ ఆల్కలినిటీ తింటుంది. డోసు లెక్క: ఒక మోల్ ఫాస్ఫరస్‌కు రెండు మోల్‌ల అల్యూమినియం అనుకుంటే లీటరుకు 6 మిల్లీగ్రాముల అల్యూమినియం, 30 శాతం గ్రేడు పొడి 38 మిల్లీగ్రాములు, రోజుకు 11-12 కిలోలు. జార్ టెస్టులో (జాడీల్లో వేర్వేరు డోసులు వేసి చూసే పరీక్ష) 35-40 మధ్యే తేటపడింది. వేసే చోటు, సమయం కూడా మారాయి: రెండో గాలి ముగియడానికి 15 నిమిషాల ముందు. అప్పటికి నైట్రిఫికేషన్ పూర్తై ఉంటుంది, కలవడానికి గాలి ఉంటుంది, వెంటనే తేరే దశ. బ్యాచ్ మొదట్లో వేస్తే బ్యాక్టీరియాకు కావాల్సిన ఫాస్ఫరస్‌ను కూడా రసాయనమే పట్టేస్తుంది, డోసు దండగ.

ఫలితం, మిగిలిన చిక్కులు

మూడు నెలల తర్వాత: అమ్మోనియా 1 అటూ ఇటూ, నైట్రేట్ 6-7, మొత్తం నైట్రోజన్ 8.5 నుంచి 10, ఫాస్ఫరస్ 0.7-0.9, పీహెచ్ 7.0-7.2, ఆల్కలినిటీ 60-75. ఫ్రీ క్లోరిన్ మామూలు హైపో డోసుకే వస్తోంది. మొత్తం నైట్రోజన్ పరిమితికి మరీ దగ్గరగా ఉందన్నది నిజం. మూడు విడతలుగా పోస్తే ఇంకా దిగుతుంది, కానీ ప్రతి విడతకూ గాలి ఆపి, డీఓ అడుగంటేదాకా ఆగే సమయం ఆరు గంటల్లో ఇమడదు.

తోట సంగతి కూడా ఈ లెక్కలో భాగమే. మునుపు 50 మిల్లీగ్రాముల నైట్రోజన్‌తో 60 కిలోలీటర్లు అంటే రోజుకు 3 కిలోల నైట్రోజన్, ఆరున్నర కిలోల యూరియాతో సమానం. దాని మీద మాలి మళ్లీ యూరియా చల్లేవాడు. ఇప్పుడు నీటితో వెళ్లేది రోజుకు అర కిలో పైన. మూడెకరాల పచ్చికకు ఏడాది పొడవునా అదే చాలు, యూరియా కొనడం ఆపించాం. తోటకు వెళ్లే నీటిలో నైట్రోజన్ కొంచెం ఎక్కువున్నా నాకు బెంగ లేదు, మొక్క వాడుకుంటుంది. వానాకాలంలో తోటకు నీళ్లు అక్కర్లేక ఆ 60 కూడా చెరువుకే పోతాయి. షరతు కచ్చితంగా తీరాల్సింది అప్పుడే.

రోజువారీ కాపలాకు ల్యాబ్ అక్కర్లేదు. 50 మిల్లీలీటర్ల నమూనా, మిథైల్ ఆరెంజ్ రెండు చుక్కలు, 0.02 నార్మల్ సల్ఫ్యూరిక్ ఆసిడ్. రంగు మారేదాకా పట్టిన ప్రతి మిల్లీలీటరుకూ 20 ఆల్కలినిటీ. షిఫ్టుకోసారి డీకాంటర్ నీటిలో చూస్తారు. మూడు మిల్లీలీటర్ల కంటే తక్కువ పడితే రెండో దఫా కలపడం పది నిమిషాలు పెంచి, గాలి అంతే తగ్గిస్తారు. రెండు కంటే తక్కువైతే ట్యాంకుకు 25 కిలోల బైకార్బొనేట్ బస్తా ఒకటి. నీటి వనరు మారిన రోజు, బోరు వేసినా ఆపినా, ట్యాంకర్లు మొదలైనా, ఎస్టీపీ లాగ్‌బుక్‌లో ఎర్ర సిరాతో రాయాలని నీళ్లు చూసేవాళ్లకూ మురుగు చూసేవాళ్లకూ కలిపి ఒకే నియమం పెట్టాం.

సంక్రాంతికి వేరే ఏర్పాటు కావాలి. కాలనీ సగం ఊళ్లకు వెళ్తుంది, మురుగు తగ్గుతుంది, గాలి మాత్రం పాత లెక్కలోనే నడిస్తే ఉన్న కార్బన్ కాలిపోయి నైట్రేట్ పేరుకుంటుంది. ఆ వారం బ్యాచ్‌ల సంఖ్య తగ్గించి, ఒక్కో బ్యాచ్‌లో పోసే పరిమాణం అంతే ఉంచుతారు. ఖాళీగా ఉన్న సమయంలో ట్యాంకుకు ఆరు గంటలకోసారి పది నిమిషాలు మాత్రమే గాలి, స్లడ్జ్ తీయడం పూర్తిగా బంద్. జనం తిరిగొచ్చే ఆదివారం రాత్రి నుంచే మామూలు సైకిల్ పెట్టాలి. సోమవారం ఉదయం లోడు వచ్చాక మారిస్తే రెండు రోజులు అమ్మోనియా 5 దాటుతుంది.